కూసేది ఏ కోయిల?

పిల్లలూ,

సంక్రాంతి సెలవుల్లో నేను చేసిన ఓడ ప్రయాణం గురించి చెప్పమని మీలో చాలామంది అడిగారు. ఓడకు ఎన్ని అంతస్తులు, భోజనంలో ఏమేమి పెట్టారు, సముద్రం మధ్య కడుపులో తిప్పిందా లేదా – ఇవన్నీ చెప్పడానికి మా మనవరాలుంది. ఎవరైనా అడిగితే చాలు, రెండు గంటలు ఆపకుండా చెబుతుంది. నేను మాత్రం ఆ ప్రయాణంలో ఒక్క పగటి సంగతి చెబుతాను. ఆ రోజు సింగపూరులో ఒక తోటలో నా తప్పు ఒకటి నాకు కనిపించింది. అది ఆనాటి తప్పు కాదు, ముప్పై ఏళ్ళు దాటిన తప్పు.

మా అబ్బాయి, కోడలు, మనవరాలు, నేను నలుగురం మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ రేవులో ఓడ ఎక్కాం. మర్నాటి ఉదయం ఓడ సింగపూరు చేరి, ఆ ఒక్క పగలు అక్కడ ఆగి, సాయంత్రం మళ్ళీ బయలుదేరుతుంది. నాలుగు గంటలకల్లా అందరూ ఓడలో ఉండాలి. ఆలస్యమైతే ఓడ ఎవరికోసమూ ఆగదు.

తెల్లవారకముందే మనవరాలూ నేనూ పైఅంతస్తుకు వెళ్ళి నిలబడ్డాం. గడియారం ఆరున్నర చూపిస్తోంది. ఇంకా చీకటి వదల్లేదు.

"తాతయ్యా, భూమధ్యరేఖ దగ్గర ఏడాది పొడుగునా పగలూ రాత్రీ ఇంచుమించు సమానమని నువ్వే చెప్పావుగా? మరి ఆరింటికల్లా సూర్యుడు రావాలి కదా?" అంది.

మంచి ప్రశ్న. సింగపూరు భూమధ్యరేఖకు ఉత్తరాన ఒక్క డిగ్రీకి కాస్త పైన ఉంది. పగలు పన్నెండు గంటలే. కాని తిరకాసు సూర్యుడిలో లేదు, గడియారంలో ఉంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. సింగపూరు సుమారు 104 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. 104ను 15తో భాగించి చూడండి, ఏడుకు కాస్త తక్కువ వస్తుంది. అంటే ఆ ఊరి గడియారం గ్రీనిచ్ కన్నా ఏడు గంటలు ముందుండాలి. కాని 1982 నుంచి వాళ్ళు ఎనిమిది గంటలు ముందు పెట్టుకున్నారు. అందుకే అక్కడ సూర్యుడు ఏడింటికి లేస్తాడు. మన దేశపు గడియారం కాకినాడకు దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖను బట్టి నడుస్తుంది. దాన్ని 15తో భాగిస్తే ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఏడు దాటాక తూర్పు ఎర్రబడింది. నీళ్ళ మీద ఎన్నో ఓడలు లంగరు వేసుకుని కనిపించాయి.

తొమ్మిదింటికి దిగాం. మా అబ్బాయీ కోడలూ దుకాణాలు చూస్తామన్నారు. మేమిద్దరం తోటకు వెళ్ళాం. రేవు దగ్గర మెట్రో రైలు ఎక్కి, న్యూటన్ అనే స్టేషనులో బండి మారి, బొటానిక్ గార్డెన్స్ స్టేషనులో దిగితే ఎదురుగా తోట గేటే. లోపలికి పోవడానికి టికెట్టు లేదు. ఒక్క ఆర్కిడ్ పూల తోటకు మాత్రం కొనాలి.

ఈ తోటను 1859లో నాటడం మొదలుపెట్టారు. ఇప్పుడు సుమారు 200 ఎకరాలుంది. 2015లో యునెస్కో వారు దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చారు. చుట్టూ ఆకాశాన్నంటే మేడలు, మధ్యలో చెరువులు, చెట్లు, ఆరు హెక్టార్ల అసలు అడవి. ఆ అడవి ముక్క తోట కన్నా పాతది. దాన్ని నరకకుండా చుట్టూ తోట వేశారు.

మా మనవరాలు నోటుబుక్కు తీసింది. మాకొక నియమం ఉంది. పిట్ట కనిపిస్తే ముందు దాని రంగు, ముక్కు, కాళ్ళు, కన్ను రాసుకోవాలి. పేరు తరువాత. ఈ నియమం పెట్టింది నేనే. మొదట తప్పిందీ నేనే.

గేటు దాటగానే గడ్డిలో నాలుగు పిట్టలు గంతులు వేస్తున్నాయి. "గోరింకలు, రాసుకో" అన్నాను.

అది రాయలేదు. కాసేపు వంగి చూసింది. "తాతయ్యా, మన గోరింక గోధుమ రంగులో ఉంటుంది. కంటి చుట్టూ పసుపు రాసుకున్నట్టుంటుంది. వీటికి కంటి చుట్టూ పసుపు లేదు. ఒళ్ళు బూడిద నలుపు. ముక్కు మీద చిన్న జుట్టు లేచి ఉంది" అంది.

దుర్భిణి పెట్టి చూశాను. పిల్ల చెప్పింది నిజం. అవి జావా గోరింకలు. మన గోరింకకు పినతండ్రి పిల్లలు అనుకోండి. వీటి సొంత ఊరు జావా, బాలి దీవులు. సుమారు వందేళ్ళ కిందట పంజరాల్లో పెట్టి సింగపూరు తెస్తే, కొన్ని తప్పించుకుని, పిల్లల్ని పెట్టి, ఈనాడు ఊరంతా నిండిపోయాయి. విచిత్రమేమిటంటే, వాటి సొంత జావాలో జనం పట్టి పట్టి పంజరాల్లో పెట్టడం వల్ల అక్కడ అవి బాగా తగ్గిపోయాయి. పుట్టింట కరువు, పరాయి ఊళ్ళో సంత!

ఇంకొంచెం దూరం పోతే పొదల్లోంచి ఒక కోడిపుంజు దర్జాగా నడుచుకుంటూ వచ్చింది. "ఎవరిదో తప్పించుకొచ్చింది పాపం" అంది మా మనవరాలు. ఈసారి నేను తొందరపడలేదు. "కాళ్ళు చూడు" అన్నాను. బూడిద రంగు. "చెవి చూడు." తెల్లని మచ్చ. అది ఎర్ర అడవికోడి. మన ఇళ్ళలో కోళ్ళన్నిటికీ మూలపురుషుడు. ఏ పెరట్లోంచీ తప్పించుకోలేదు. దాని వంశంవాళ్ళే పెరట్లోకి వచ్చారు.

చెరువు గట్టున తెల్ల రొమ్ము నీటికోడి ఒకటి తోక ఎగరేస్తూ తిరుగుతోంది. మెడ చుట్టూ తెల్లని పట్టీ ఉన్న నీలి లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీద కూర్చుని ఉంది. మన ఊరి లకుముకికి పొట్ట గోధుమ రంగు, రొమ్ము మాత్రమే తెలుపు. దీనికి పొట్టంతా తెలుపే. మా మనవరాలు ఇవన్నీ రాసుకుంది, బొమ్మ కూడా వేసింది. లకుముకి కన్నా దాని ముక్కే పెద్దదిగా వచ్చింది.

నడుస్తూ దానికి రబ్బరు కథ చెప్పాను. మీకూ చెప్పాలి. రబ్బరు చెట్టు దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ అడవుల చెట్టు. 1876లో దాని గింజల్ని లండనులోని క్యూ తోటకు తెచ్చారు. అక్కడ మొలిచిన మొక్కల్లో 22 మొక్కలు 1877లో ఓడ మీద ఈ సింగపూరు తోటకు వచ్చాయి. అప్పుడు వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1888లో హెన్రీ రిడ్లీ అనే శాస్త్రజ్ఞుడు ఈ తోటకు అధికారిగా వచ్చాడు. రబ్బరు పాల కోసం చెట్టును గొడ్డలితో నరికితే చెట్టు పాడవుతుంది. రిడ్లీ ఏళ్ళ తరబడి ఒక్కొక్క చెట్టు బెరడునూ గమనించాడు. బెరడును ఏటవాలుగా, పలచగా గీసి, మళ్ళీ అదే గాటు అంచున మరికాస్త చెక్కితే పాలు కారుతూనే ఉంటాయి, లోపలి కణజాలానికి దెబ్బ తగలకపోతే చెట్టూ బతుకుతుంది అని తేల్చాడు. తోటల యజమానుల దగ్గరికి వెళ్ళి, జేబుల్లోంచి గింజలు తీసి, "ఇవి నాటండి" అని వెంటపడేవాడు. వాళ్ళు నవ్వి ఆయనకు "పిచ్చి రిడ్లీ" అని పేరు పెట్టారు. తరువాత మోటారు కార్లు వచ్చాయి, టైర్లు కావలసి వచ్చాయి, మలయా దేశమంతా రబ్బరు తోటలయింది. ఆ తోటల్లో పనికి మన తెలుగువాళ్ళు కూడా ఓడలెక్కి వెళ్ళారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పటికీ మలేసియాలో ఉన్నారు. నవ్వించుకున్న రిడ్లీ నూరేళ్ళు బతికి, 1956లో పోయాడు.

"నవ్వినవాళ్ళు తరువాత ఏమన్నారు తాతయ్యా?" అని అడిగింది మనవరాలు.

"గింజలు కొనుక్కున్నారు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. కాసేపట్లో నా నవ్వు నాకే తగలబోతున్నదని అప్పుడు నాకు తెలియదు.

తాటి, ఈత, పోక జాతుల చెట్లన్నీ ఒకచోట నాటిన లోయ ఒకటి ఆ తోటలో ఉంది. అక్కడికి చేరేసరికి పైనుంచి వినిపించింది – "కుహూ... కుహూ..." అంటూ, ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్నట్టు.

"తాతయ్యా, కోయిలమ్మ! మన కోయిలమ్మ ఇక్కడికీ వచ్చింది!" అని ఎగిరి గంతేసింది పిల్ల.

వెతికాం. పండ్లున్న ఒక చెట్టు మీద, నిగనిగలాడే నల్లని పిట్ట. కన్ను కుంకుమ బొట్టులా ఎర్రగా ఉంది. అది గొంతు ఉబ్బించి కూస్తోంది. అదే గెలలో రెండు మూరల దూరాన ఇంకో పిట్ట. గోధుమ రంగు ఒళ్ళు, ఒంటినిండా తెల్లని చుక్కలు. అది కూయడం లేదు. నిశ్శబ్దంగా పండ్లు మింగుతోంది.

అక్కడే మెడలో దుర్భిణి వేసుకుని ఒక చీనా పెద్దాయన నిలబడి ఉన్నాడు. నా వయసువాడే. మా పిల్ల ఉత్సాహం చూసి ఇంగ్లీషులో పలకరించాడు. ఆ నల్లది మగపక్షి, చుక్కలది దాని భార్య అని చెప్పాడు. తన ఇంటి కిటికీ ఎదుట ఒకటి తెల్లవారుజామున చీకటితో మొదలుపెట్టి నిద్ర పోనివ్వదని, ఈ కూత మీద ఊళ్ళో ఫిర్యాదులు కూడా వెళుతుంటాయని చెప్పి నవ్వాడు. మనం కవిత్వం చెప్పుకునే గొంతు మీద అక్కడ ఫిర్యాదులట!

ఆయన వెళ్ళిపోయాక మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. "తాతయ్యా, కూసేది మగది అయితే మనం కోయిలమ్మ అని ఎందుకంటాం?"

పిల్లలూ, ఆ ప్రశ్న నేను అంతకుముందు ఒకసారి విన్నాను.

నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ఒక పల్లెటూరి బడిలో ఏడో తరగతికి పాఠం చెప్పేవాణ్ణి. మూడు నెలల పరీక్షలో "కోయిలను గురించి వ్రాయుము" అని ఒక ప్రశ్న ఇచ్చాను. రెండు మార్కులు. అందరూ పాఠంలో ఉన్నదే రాశారు. ఒక్క కుర్రవాడు మాత్రం ఇలా రాశాడు: కూసేది మగ కోయిల, అది నల్లగా ఉంటుంది, ఆడ కోయిలకు చుక్కలుంటాయి, అది కిక్ కిక్ అని అరుస్తుంది, కాకి లేనప్పుడు గూట్లో గుడ్డు పెడుతుంది. వాడు బడి అయ్యాక గేదెలు కాసేవాడు. నేను ఆ జవాబు మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత గీసి సున్న వేశాను. అంతటితో ఆగలేదు. క్లాసులో పైకి చదివి వినిపించి, "వీడు కోయిలమ్మకు మీసాలు పెట్టాడర్రా" అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. వాడు లేచి నిలబడి, "మరి నేను చూశానండీ" అన్నాడు. "కూర్చో" అన్నాను.

వాడు కూర్చున్నాడు. ఆ సంవత్సరమంతా మళ్ళీ నా క్లాసులో చెయ్యి ఎత్తలేదు.

కొన్నేళ్ళ తరువాత ఒక పక్షుల పుస్తకంలో మగ కోయిలే కూస్తుందని చదివాను. చదివి, "ఓహో" అనుకుని, పేజీ తిప్పాను. ఆ కుర్రవాడు గుర్తుకు రాలేదు. పుస్తకంలో ఉంది కాబట్టి నమ్మాను. వాడు కళ్ళతో చూసి చెబితే నమ్మలేదు. ఇన్నేళ్ళకు, సముద్రాలు దాటి వెళ్ళి, ఒక పండ్ల చెట్టు కింద మెడ ఎత్తి నిలబడితే, నల్లదీ చుక్కలదీ పక్కపక్కనే కనబడితే, అప్పుడు వాడి మొహం కళ్ళ ముందుకు వచ్చింది.

అక్కడ ఉన్న బెంచీ మీద కూర్చుని ఈ కథంతా మనవరాలికి చెప్పాను. దాచుకోవాలని అనిపించింది గాని, దాచలేదు. అది చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "నువ్వు కూడా నవ్వావా తాతయ్యా?" అంది.

"అందరికన్నా ముందు నేనే నవ్వాను" అన్నాను.

ఇక దాని ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా. తియ్యని గొంతు ఆడవాళ్ళదే అనుకుని మన పెద్దలు ముద్దుగా అమ్మ అన్నారు. ముద్దు పేరు ముద్దు పేరే, దాన్ని మార్చక్కర్లేదు. కాని చాలా పక్షుల్లో గట్టిగా పాడేది మగది. "ఈ చోటు నాది, ఇక్కడ నేనున్నాను, రా" అని ఆడపక్షికి కబురు పంపడానికే ఆ పాట. ఆడ కోయిలకు వేరే పని ఉంది. అది గూడు కట్టదు. కాకి గూట్లో దొంగచాటుగా గుడ్డు పెడుతుంది. అందుకు ఎంత తక్కువగా కనబడితే అంత మంచిది. ఆకుల నీడల్లో ఆ చుక్కల ఒళ్ళు కలిసిపోతుంది. ఒక్కోసారి మగది కావాలని కాకుల కంటపడి వాటిని తన వెంట తరిమించుకుంటుంది. ఆ సందులో ఆడది గూట్లో దూరుతుంది. కోయిల గుడ్డు కాకి గుడ్డు కన్నా రెండు మూడు రోజులు ముందే పిగులుతుంది. ముందు పుట్టిన పిల్లకే ముందు తిండి. పాపం, కాకి దాన్ని తన బిడ్డే అనుకుని సాకుతుంది.

సింగపూరు కోయిలకు ఇంకో తమాషా ఉంది. ఒకప్పుడు ఆ ఊళ్ళో అది చలికాలంలో వచ్చిపోయే అతిథి మాత్రమే. మేము ఓడ ఎక్కిన పోర్ట్ క్లాంగ్ ప్రాంతానికే, పందొమ్మిదో శతాబ్దం చివర, కాఫీ తోటల్లో పురుగుల్ని తింటాయని సింహళం నుంచి కాకుల్ని తెచ్చి వదిలారు. ఆ కాకుల సంతతి రేవు రేవునా పెరిగింది. సింగపూరులోనూ పెరిగింది. కాకి గూడు కట్టిన చోట కోయిల ఊరుకుంటుందా? అదీ అక్కడే కాపురం పెట్టింది. రబ్బరు చెట్టు, కాకి, మా తెలుగువాళ్ళు – అందరూ ఓడలోనే వచ్చారు, ఒక్క కోయిల మాత్రం టికెట్టు లేకుండా వచ్చింది అని మా మనవరాలు లెక్క తేల్చింది.

గడియారం ఒకటిన్నర అయింది. దారిలో అయిదు డాలర్ల నోటు మీద అచ్చువేసిన టెంబుసు చెట్టు చూశాం. నూటయాభై ఏళ్ళు దాటిన చెట్టది. కింది కొమ్మ ఒకటి నేలకు సమాంతరంగా చాలా దూరం సాగి ఉంటుంది. మనవరాలు నోటు చేత్తో పట్టుకుని, చెట్టునూ నోటునూ మార్చి మార్చి చూసి, "సరిగ్గానే వేశారు" అని మార్కులు వేసింది. 1866 నాటి చెరువు పక్కగా నడిచి, దక్షిణపు గేటు బయట నేపియర్ స్టేషనులో రైలెక్కి, మూడింటికల్లా ఓడ చేరాం. మా అబ్బాయీ కోడలూ మా తరువాత అరగంటకు, సంచులు మోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

ఆ రాత్రి ఓడలో మనవరాలి నోటుబుక్కు చూశాను. పన్నెండు పక్షులు రాసింది. కోయిల దగ్గర ఇలా ఉంది: "నల్లది – కూసింది. చుక్కలది – కూయలేదు. నేను చూశాను." చివరి మాట కింద రెండు గీతలు గీసింది.

ఈ పత్రికను మీ ఇళ్ళలో అమ్మలూ నాన్నలూ కూడా చదువుతారని నాకు తెలుసు. ఆనాటి నా విద్యార్థికి ఇప్పుడు మీ అంత పిల్లలుండి ఉంటారు. వాడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఒకవేళ ఈ మాటలు వాడి కంటపడితే: నాయనా, నీ జవాబు సరైనది. నా గీత తప్పు. రెండుకు రెండు మార్కులు. నేను నవ్వించిన నవ్వును వెనక్కి తీసుకోలేను, కాని నీ పేపరు దిద్దుకున్నానని నలుగురిలోనే చెబుతున్నాను, ఎందుకంటే ఆనాడు నిన్ను తప్పన్నదీ నలుగురిలోనే.

తల్లిదండ్రులకూ ఒక మాట. మీ పిల్లవాడు పుస్తకంలో లేనిది చెప్పి "నేను చూశాను" అంటే, వెంటనే తప్పనకండి, ఒప్పనీ అనకండి. "పద, నాకూ చూపించు" అనండి. అంతే చాలు.

పిల్లలూ, ఇక మీ పని. మామిడి పిందె పట్టే రోజులు ఇవి. మీ ఊళ్ళో కోయిల కూస్తూ ఉంటుంది. కూత వినగానే పేరు చెప్పి ఊరుకోకండి. నెమ్మదిగా చెట్టు కిందికి వెళ్ళి, కూస్తున్న పిట్ట రంగేమిటో, కన్ను ఏ రంగో, పక్కన ఇంకోటి ఉందో లేదో చూడండి. తేదీ, వేళ, చెట్టు పేరు రాసి, కింద "నేను చూశాను" అని సంతకం చేసి నాకు పంపండి. నేను చెప్పిన దానికి విరుద్ధంగా మీకు ఏదైనా కనబడితే అది మొట్టమొదట రాయండి. ఈసారి ఎర్రసిరా పక్కన పెట్టి చదువుతాను.

మీ మాస్టారు